కిట్ కోసమా, నగదు కోసమా, వైద్యం కోసమా: కాన్పుకు ముందే తేల్చుకోవలసిన లెక్క

గర్భం నిలిచిందని తెలియగానే ఇంటికి సలహాలు నాలుగు వైపుల నుంచీ వస్తాయి. సర్కారు ఆసుపత్రిలో కాన్పు అయితే బిడ్డకూ తల్లికీ వాడుక వస్తువుల కిట్ ఇస్తారని ఒకరంటారు. ప్రైవేటుకు వెళ్తే ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయీ రాదని మరొకరు చెబుతారు. అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటే ఐదు వేలు ఖాతాలో పడతాయని ఇంకొకరి మాట. వీటిలో నిజమూ ఉంది, పాతబడిపోయిందీ ఉంది, సగం మాత్రమే నిజమైనదీ ఉంది.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇవి ఒకటి తీసుకుంటే మరొకటి వదులుకోవలసిన సాయాలు కావు. నిజంగా ఎంచుకోవలసింది కాన్పు ఎక్కడ అన్నది ఒక్కటే. కొన్ని సాయాలు ఆ నిర్ణయంతో ముడిపడి ఉంటాయి, కొన్నింటికి దానితో సంబంధమే లేదు. ఈ తేడా తెలియక ప్రైవేటులో కాన్పు చేయించుకున్న చాలా కుటుంబాలు తమకు రావలసిన సొమ్మును అడగనే అడగవు. కిట్ వస్తుందని, తల్లి పరిస్థితికి తగిన వసతులు లేని చోటికి వెళ్లేవారూ ఉన్నారు. రెండూ నష్టమే. రెండో నష్టాన్ని మాత్రం ఏ సొమ్మూ పూడ్చలేదు.

## దేన్ని బట్టి తూచాలి

అన్నిటికంటే ముందు చూడవలసింది షరతు. ఈ సాయం సర్కారు ఆసుపత్రిలో కాన్పు అయితేనే వస్తుందా, ఎక్కడ కాన్పు అయినా వస్తుందా? తర్వాత సమయం. గర్భిణిగా ఉండగానే చేతికి అందే మూడు వేలు పళ్లకూ పాలకూ పనికొస్తాయి. బిడ్డ పుట్టిన నాలుగు నెలలకు వచ్చే సొమ్ము అప్పు తీర్చడానికే పోతుంది. మూడోది, ఎన్నో బిడ్డకు అన్న నిబంధన. నాలుగోది కాగితాలు. పథకం ఎంత మంచిదైనా, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా లేకపోతే నగదు రాదు.

ఐదో కొలత చాలామంది పట్టించుకోనిది: ఆ సాయం లేకపోతే మీ చేతి నుంచి ఎంత ఖర్చయ్యేది? బేబీ సబ్బు, నూనె, దుస్తులు కొనుక్కుంటే రెండు వేల లోపు అయిపోతాయి. సిజేరియన్, రక్తం ఎక్కించడం, పుట్టిన బిడ్డను కొన్నాళ్లు ప్రత్యేక వార్డులో ఉంచడం వంటివి ప్రైవేటులో వేలతో మొదలై లక్ష దాటుతాయి. కంటికి కనిపించే కానుక కంటే, కట్టనవసరం లేకుండా పోయిన బిల్లే పెద్ద సాయం.

| సాయం | ఏమిస్తారు | సర్కారు ఆసుపత్రిలోనే కాన్పు కావాలా? | ఎవరికి, ఎన్నో బిడ్డకు | ఎప్పుడు |
|---|---|---|---|---|
| జననీ శిశు సురక్ష | కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రవాణా ఉచితం | అవును | అందరికీ, ప్రతి కాన్పుకూ | ఆసుపత్రిలో ఉండగానే |
| మాతృ వందన | మొదటి బిడ్డకు రూ.5,000, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే రూ.6,000 | అక్కర్లేదు | అర్హత ఉన్న కుటుంబాలకు | గర్భంలో కొంత, 14 వారాల టీకా తర్వాత మిగతాది |
| జననీ సురక్ష | పల్లెలో రూ.700, పట్టణంలో రూ.600 | సర్కారు లేదా గుర్తింపు పొందిన ప్రైవేటు | పేద, ఎస్సీ, ఎస్టీ తల్లులకు | కాన్పు తర్వాత |
| రాష్ట్ర కిట్లు | బిడ్డకు, తల్లికి వాడుక వస్తువులు | అవును | రాష్ట్ర నిబంధన ప్రకారం | ఇంటికి పంపేటప్పుడు |
| అంగన్‌వాడీ ఆహారం | గుడ్లు, పాలు, భోజనం లేదా సరుకులు | అక్కర్లేదు | పేరు నమోదైన గర్భిణులు, బాలింతలకు | గర్భం నుంచి బిడ్డకు ఆరు నెలలు నిండే దాకా |
| వేతనంతో సెలవు | 26 వారాలు | అక్కర్లేదు | ఉద్యోగినులకు, మొదటి ఇద్దరు బిడ్డలకు | కాన్పుకు ముందు, తర్వాత |

## ఉచిత కాన్పు: పేరు వినబడని పెద్ద సాయం

కిట్ గురించి తెలిసినంతగా జననీ శిశు సురక్ష కార్యక్రమం గురించి జనానికి తెలియదు. 2011 జూన్ 1న కేంద్రం దీన్ని ప్రారంభించింది. సర్కారు ఆసుపత్రికి వచ్చిన ఏ గర్భిణికైనా కాన్పు ఉచితంగా చేయాలి, అది సిజేరియన్ అయినా సరే. మందులు, రక్త పరీక్షలు, స్కానింగ్, అవసరమైతే రక్తం ఉచితం. మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు భోజనం పెట్టాలి. ఇంటి నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపవలసి వస్తే అక్కడికి, చివరికి తిరిగి ఇంటికి వాహనం ఇవ్వాలి. జబ్బుపడిన పసిబిడ్డకు ఉచిత వైద్యం మొదట 30 రోజుల వరకే ఉండేది. తర్వాత ఏడాది నిండే దాకా పెంచారు.

దీనికి రేషన్ కార్డు అడగరు. ఎన్నో కాన్పు అన్న పట్టింపూ లేదు. ఎవరైనా బయట మందుల దుకాణానికి చీటీ రాసిచ్చి కొనుక్కురమ్మంటే, ఆసుపత్రి సూపరింటెండెంటును అడిగే హక్కు మీకుంది. మర్యాదగా అడగండి, కానీ అడగండి.

రవాణాకు 102 నంబరు. ఆంధ్రప్రదేశ్‌లో తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ బాలింతనూ బిడ్డనూ ఇంటి దగ్గర దింపుతుంది. తెలంగాణలో అమ్మ ఒడి వాహనం గర్భిణిని నెలవారీ పరీక్షలకు కూడా తీసుకువెళ్లేలా మొదలైంది. నొప్పులు ఆగకుండా వస్తున్నా, రక్తస్రావం అవుతున్నా, ఫిట్స్ వచ్చినా 102 కోసం ఎదురుచూడకండి, 108కి ఫోన్ చేయండి.

ఇక సిజేరియన్ సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటులో అది 81.5 శాతం, సర్కారు ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4 శాతం, ప్రైవేటులో 63 శాతం, ప్రభుత్వంలో 26.6 శాతం. దేశ సగటు 21.5 శాతం. సర్కారు ఆసుపత్రికి వెళ్తే మామూలు కాన్పే అవుతుందని ఈ అంకెలు హామీ ఇవ్వవు. క్లిష్టమైన కేసులను ఎక్కడికి పంపుతారన్నదాన్ని బట్టి కూడా అంకెలు మారతాయి. అయినా అవసరం లేని కోత పడే ప్రమాదం ఎక్కడ ఎక్కువో ఆలోచించడానికి ఇంతకంటే మంచి ఆధారం సామాన్యుడికి దొరకదు. కోత పడిన తల్లికి కోలుకోవడానికి వారాలు పడుతుంది, వచ్చే కాన్పు మీదా దాని నీడ ఉంటుంది. కూలికి వెళ్లే ఇంట్లో ఆ వారాల నష్టం ఐదు వేల నగదుతో తీరేది కాదు.

ఏ ఆసుపత్రి అయినా ఏడో నెలలోనే ఒకసారి వెళ్లి చూసి రండి. రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటారా? రక్తం నిల్వ ఉందా? బిడ్డకు ఊపిరి అందకపోతే చూసే నవజాత శిశువుల వార్డు అక్కడే ఉందా, మరో ఊరు పంపుతారా? తొలి కాన్పుల్లో ఎన్ని మామూలుగా జరుగుతున్నాయి? ఈ నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబులు ఏ కిట్ కన్నా విలువైనవి. రక్తం బాగా తక్కువగా ఉన్నా, బీపీ లేదా షుగరు ఉన్నా, కవలలైనా, మొదటిది సిజేరియన్ అయినా దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) కాన్పుకు పట్టుబట్టకండి. ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో ముందే పేరు రాయించుకోవాలి.

## మాతృ వందన: ప్రైవేటులో కాన్పు అయినా వచ్చే సొమ్ము

ప్రధానమంత్రి మాతృ వందన యోజన 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మొదటి బిడ్డకు ఐదు వేలు. ఇప్పుడు అవి రెండు విడతలు: గర్భం నమోదై కనీసం ఒక పరీక్ష చేయించుకున్నాక మూడు వేలు, బిడ్డ జననం నమోదై 14 వారాల టీకాలు పూర్తయ్యాక రెండు వేలు. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఆరు వేలు ఒకే విడతగా వస్తాయి. రెండో గర్భాన్ని కూడా ముందే నమోదు చేయించి ఉండాలి. ఆడపిల్ల పుట్టాక చూద్దాంలే అనుకుంటే చేజారిపోతుంది. మొదటిసారి గర్భస్రావమో మృత శిశువో అయితే తదుపరి గర్భాన్ని కొత్తగానే లెక్కిస్తారు. ఆ బాధ పడిన తల్లులకు ఈ సంగతి ఎవరూ చెప్పరు, అందుకే ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను.

అర్హత విషయంలో తలుపులు చాలానే తెరిచి ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ మహిళలు, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారు, పేదరిక రేఖ దిగువ రేషన్ కార్డు ఉన్నవారు, ఉపాధి హామీ జాబ్ కార్డు లేదా అసంఘటిత కార్మికులకిచ్చే ఈ-శ్రమ్ కార్డు ఉన్నవారు, కిసాన్ సమ్మాన్ పొందే మహిళా రైతులు, ఏడాది ఆదాయం ఎనిమిది లక్షల లోపు కుటుంబాల వారు, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. ప్రభుత్వ ఉద్యోగినులకూ, చట్టప్రకారం ఇలాంటి ప్రసూతి లబ్ధి ఇప్పటికే పొందుతున్నవారికీ ఇది వర్తించదు.

ఏ ఆసుపత్రిలో కాన్పు అన్నది ఇక్కడ అడగరు. ఎనిమిది లక్షల లోపు ఆదాయమంటే ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లే చిన్న వ్యాపారుల ఇళ్లు, రైతుల ఇళ్లు చాలావరకు అర్హమైనవే.

విమర్శ కూడా చెప్పాలి. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికీ బాలింతకూ ఆరు వేలకు తగ్గకుండా ఇవ్వాలని చెప్పింది. పథకం మాత్రం మొదటి బిడ్డకు ఐదు వేల దగ్గరే ఆగింది, రెండోసారి మగబిడ్డ పుడితే ఏమీ లేదు. తల్లి ఒంట్లో రక్తం ఏ బిడ్డకైనా ఒకేలా తగ్గుతుంది కదా. ఈ కోతకు సరైన కారణం నాకు కనబడదు.

తెలంగాణ మొదటి ఏళ్లలో ఈ పథకాన్ని అమలు చేయలేదు. సర్కారు ఆసుపత్రిలో కాన్పుకు రాష్ట్రం ఇచ్చిన కేసీఆర్ కిట్‌తో వచ్చే నగదే అక్కడ దీని స్థానంలో ఉండేది. అందువల్ల అక్కడ అక్కచెల్లెళ్ల అనుభవాన్ని బట్టి కాక, మీ అంగన్‌వాడీ టీచర్‌నో ఊరి నర్సు (ఏఎన్‌ఎం)నో నేరుగా అడిగి తెలుసుకోండి.

## కిట్లు: సంతోషంగా తీసుకోండి, వాటిని నమ్ముకోకండి

తెలంగాణలో 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలైంది. దోమతెర, బిడ్డకు దుస్తులు, తువ్వాళ్లు, సబ్బు, నూనె, పౌడర్, తల్లికి చీరలు అందులో ఉండేవి. కిట్‌తో పాటు మగబిడ్డకు రూ.12,000, ఆడపిల్లకు రూ.13,000 నాలుగు విడతలుగా ఇస్తామన్నారు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు కావాలి, రెండు కాన్పుల వరకే. సర్కారు ఆసుపత్రుల వైపు జనాన్ని మళ్లించడంలో ఆ కిట్ చేసిన పని చిన్నదేమీ కాదు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. కాబట్టి 2017 నాటి అంకెలు పట్టుకుని ఇంటి బడ్జెట్ వేసుకోకండి.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ బేబీ కిట్ 2016లో వచ్చింది, ప్రభుత్వం మారాక ఆగింది, 2025లో మళ్లీ ఇవ్వాలని నిర్ణయించారు. పసిబిడ్డకు చేరే దోమతెర ఎన్నికల ఫలితాన్ని బట్టి రావడం, పోవడం బాధాకరం. తల్లులు నేర్చుకోవలసింది ఒక్కటే: కిట్ వస్తుందన్న భరోసాతో బిడ్డ బట్టలు కొనకుండా ఉండకండి. నాలుగు పాత నూలు చీరలు ఉతికి, ఎండబెట్టి సిద్ధంగా ఉంచుకోండి.

కిట్‌లో దోమతెరే అన్నిటికన్నా పనికొచ్చే వస్తువు. పౌడర్ మాత్రం పక్కన పెట్టడం మంచిది. ఆ సన్నని పొడి పసిబిడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

## చిన్న సొమ్ము, రోజువారీ తిండి

జననీ సురక్ష యోజన 2005 నుంచి ఉంది. మన రెండు రాష్ట్రాల్లో ఆసుపత్రి కాన్పులు ఎక్కువ కాబట్టి కేంద్రం ఇచ్చేది తక్కువే: పల్లెలో 700, పట్టణంలో 600 రూపాయలు. ఇందుకోసం నిర్ణయాలు మార్చుకోనవసరం లేదు. వస్తే తీసుకోండి.

అంగన్‌వాడీ ఆహారం అలా తేలిగ్గా తీసేయవలసింది కాదు. మన గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ సర్వే చెబుతోంది. తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్య లక్ష్మి కింద అంగన్‌వాడీ కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, రోజుకో గుడ్డు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అంగన్‌వాడీల ద్వారా గుడ్లు, పాలు, సరుకులు అందుతాయి. ఇంటికి తెచ్చిన గుడ్లు అందరి కంచాల్లోకీ వెళ్తాయి, గర్భిణికి మిగిలేది ఒకటో రెండో. అందుకే కేంద్రానికి వెళ్లి తినే పద్ధతి నాకు మెరుగనిపిస్తుంది. పనికి వెళ్లే ఆడవాళ్లకు అది కుదరదన్నదీ నిజమే; వాళ్లకు సరుకులే దారి. దానితో పాటు ఐరన్ మాత్ర రోజుకొకటి, ఆరు నెలలు. నల్లగా విరేచనం అయిందని మానేయవద్దు.

మధ్యతరగతి వాళ్లు అంగన్‌వాడీ మనకెందుకులే అంటారు. గుడ్లు వద్దనుకున్నా పేరు మాత్రం రాయించుకోండి. మాతృ వందన దరఖాస్తు, టీకాల నమోదు అక్కడి నుంచే సులువుగా నడుస్తాయి.

## ఉద్యోగం చేసే తల్లులకు

వీరికి దక్కే అతి పెద్ద లబ్ధి కిట్టూ కాదు, ఐదు వేలూ కాదు. కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే 26 వారాల పూర్తి వేతనపు సెలవు చట్టబద్ధమైన హక్కు. అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ఇద్దరు పిల్లలున్నాక 12 వారాలే. గర్భస్రావమైతే ఆరు వారాలు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత స్మృతిలోనూ 26 వారాల హక్కు అలాగే ఉంది. నెలకు 18 వేలు సంపాదించే అమ్మాయికి ఇది లక్ష రూపాయలకు పైమాట.

జీతం 21 వేల లోపు ఉండి అందులోంచి ఉద్యోగుల బీమాకు (ఈఎస్‌ఐ) కోత పడుతుంటే ఆ వేతనం ఈఎస్‌ఐ నుంచే వస్తుంది. అంతకుముందు రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 70 రోజుల చందా ఉండాలి. గర్భం రాగానే ఉద్యోగం మానేసేవాళ్లు ఈ లెక్క చూసుకున్నాక నిర్ణయం తీసుకోండి. పది మంది, ఆపైన పనిచేసే షాపుల్లో, నర్సింగ్‌హోముల్లో, కాంట్రాక్టు కొలువుల్లో ఉన్న ఆడపిల్లలే తమకు ఈ హక్కు లేదనుకుంటారు. కాంట్రాక్టు అయినంత మాత్రాన హక్కు పోదు.

భవన నిర్మాణ కార్మికులుగా సంక్షేమ మండలిలో సభ్యత్వం ఉన్న తల్లులకు విడిగా ప్రసూతి సాయం ఉంది. కార్డు గడువు తీరిపోకుండా పునరుద్ధరించుకుని ఉండాలి.

## మీది ఏ పరిస్థితి?

తొలి కాన్పు, కూలి మీద బతికే ఇల్లు, ఆరోగ్యపరంగా ఇబ్బందులు లేవు: సర్కారు ఆసుపత్రి. ఉచిత వైద్యం, కిట్, మాతృ వందన అన్నీ ఒకే దారిలో కలుస్తాయి.

కొంత స్తోమత ఉండి, నమ్మిన డాక్టరు ప్రైవేటులో ఉన్నారు: అక్కడే చేయించుకోండి, కిట్ పోతే పోనివ్వండి. కానీ అంగన్‌వాడీ నమోదు, మాతృ వందన వదలకండి. సాధారణ పరీక్షలకు ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో డాక్టరే ఉచితంగా చూస్తారు. రెండో అభిప్రాయానికి అది మంచి అవకాశం.

రెండో కాన్పు, మొదటిది సిజేరియన్: డబ్బు లెక్క పక్కన పెట్టి, రాత్రీ పగలూ ఆపరేషన్ చేయగల పెద్దాసుపత్రి చూసుకోండి. జిల్లా ఆసుపత్రి అందుబాటులో ఉంటే అది ఉచితం కూడా.

## పుట్టింటికి వెళ్తున్నవారికి

మన ఇళ్లలో తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం ఆనవాయితీ, చిక్కుముడులన్నీ అక్కడే పడతాయి. అత్తింటి ఊళ్లో పేరు నమోదై, కాన్పు మరో జిల్లాలోనో మరో రాష్ట్రంలోనో జరుగుతుంది. బయలుదేరేటప్పుడు తల్లీబిడ్డల రక్షణ కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం బట్టలకన్నా ముందు సంచిలో పెట్టుకోండి. ఆ కార్డు మీద ఉన్న నమోదు సంఖ్య చెబితే పుట్టింటి ఊరి ఏఎన్‌ఎం మీ వివరాలు చూడగలుగుతారు. కొత్తగా మరో కార్డు రాయించుకోవద్దు. ఒకే మనిషికి రెండు నమోదులుంటే సొమ్ము ఆగిపోతుంది. మాతృ వందనకు ఆన్‌లైన్‌లో సొంతంగానూ దరఖాస్తు చేసుకోవచ్చు.

చిత్తూరు, తిరుపతి వైపు నుంచి చెన్నైకో వేలూరుకో వెళ్లిన తెలుగు కోడళ్లకు మరో మాట. తమిళనాడులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరిట ఉన్న పథకం కింద నగదు, పోషకాహార కిట్లు కలిపి 18 వేల విలువైన సాయం ఉంది. మాతృ వందన సొమ్ము అందులోనే కలిసి ఉంటుంది, రెండు రాష్ట్రాల్లో రెండుసార్లు రాదు. ఎక్కువ కాలం ఎక్కడ ఉంటారో అక్కడే నమోదు చేయించుకోవడం మేలు.

నగదు ఏ ఖాతాలో పడుతుందన్నదీ ముందే చూసుకోవాలి. దరఖాస్తులో రాసిన ఖాతా ఏదైనా, ఆధార్‌కు చివరగా ముడిపడిన ఖాతాలోకే సొమ్ము వెళ్తుంది. చదువుకునే రోజుల్లో తెరిచి మరచిపోయిన ఖాతా అయితే డబ్బు అక్కడ పడి ఉంటుంది, మీకు తెలియదు. బ్యాంకుకు వెళ్లి ఒక్కసారి అడిగితే తేలిపోతుంది.

బిడ్డ పుట్టాక 21 రోజుల లోపు జననం నమోదుకు రుసుము ఉండదు. పేరు ఖరారు కాకపోయినా నమోదు ఆపకండి. ఏడాది లోపు పేరును రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు కార్డులో తేదీతో రాయించుకోండి. మాతృ వందన దరఖాస్తుకు గడువు కాన్పు నుంచి 270 రోజులు. బిడ్డకు ఎనిమిదో నెల నడుస్తూ ఉండి ఇంకా దరఖాస్తు చేయకపోతే, ఈ వారమే అంగన్‌వాడీకి వెళ్లండి.